ఇరవై గజాల మిరపకాయ

మార్చి రెండో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు రాఘవమ్మ కారు సొంత గేటుకు ఇరవై గజాల దూరంలో ఆగింది. ఇంజను ఆగలేదు.

భర్త కోటిలింగంతో కచ్ ఉప్పు ఎడారి దాకా వెళ్ళి, పర్చూరు పక్కనున్న ఊరికి ఆమె తిరిగొచ్చింది. కోటిలింగానికి డ్రైవింగ్ రాదు. స్నానం చేసి, గోంగూర పచ్చడితో అన్నం తినాలన్నది ఇద్దరి పథకం. గేటు ముందు వీధి పొడవునా మిరపకాయ ఎండుతోంది. గేటుకు ఎదురుగా ఎండుతున్న కాయ కోటిలింగం అన్న బుల్లయ్యది.

బయలుదేరిన రోజు బుల్లయ్య వీధిలో అందరి ముందూ ఒక మాట అన్నాడు. ఆ పాత కారు తిరిగొస్తే తోసుకుంటూ రావాల్సిందేనన్నాడు. "మా గేట్లోకి నేనే తోలుకొస్తా. మీరే చూద్దురుగాని" అంది రాఘవమ్మ.

షోలాపూర్ నుంచి కారు సెల్ఫ్ తీసుకోవడం లేదు. ఏటవాలు చూసి ఆపడం, బ్రేకు వదిలి గేరులో వేయడం, అలా మాచర్ల దాకా వచ్చారు. అక్కణ్ణించి ఇంజను ఆపలేదు. ఈ వీధి చదును. ఇక్కడ ఇంజను ఆగితే బుల్లయ్య మాట నెగ్గుతుంది.

బుల్లయ్య బయటికొచ్చాడు. "ఇంజను ఆపమ్మాయ్, పొగ కాయకి పట్టుద్ది. నడిచి లోపలికెళ్ళండి. సాయంత్రం ఎత్తుతాంగా."

"సాయంత్రం దాకా కార్లోనే ఉంటాం, బావగారూ."

"ఏరా, నువ్వన్నా చెప్పు."

కోటిలింగం నోరు తెరిచాడు. రాఘవమ్మ అతని వైపు చూసింది. తనకు కార్లోనే బాగుందని చెప్పాడు.

బుల్లయ్య భార్య సుబ్బరావమ్మ కాఫీ తెచ్చి అద్దంలోంచి అందించింది. మొగుడూ పెళ్ళాలు దారిలో ఎక్కడో గొడవపడి ఉంటారని నలుగురికీ చెప్పింది. ఇంతలో ఇంజను వణికింది. ఆగిపోతుందేమోనని రాఘవమ్మ ఎక్సలేటరు గట్టిగా తొక్కింది. కారు అరిచింది.

పక్కింటి కరీమున్ అది విని, రాఘవమ్మ కాయ మీదుగా తోలబోతోందనుకుంది. తన కాయ బస్తాలకెత్తడం మొదలుపెట్టింది. ఆమెను చూసి అవతలివాళ్ళు ఎత్తారు. వాళ్ళను చూసి వీధి చివరివాళ్ళు ఎత్తారు. ఎవరూ ఎవరినీ అడగలేదు.

వీధంతా ఎత్తుతుంటే బుల్లయ్య వానొస్తుందనుకున్నాడు. కూలీలను కేకేసి తనదీ ఎత్తించాడు. బస్తాలను గోడవారగా పేర్పించాడు. దారి ఖాళీ అయింది. రాఘవమ్మ మొదటి గేరు వేసి, గేటు దాటించి, కారును వరండా పక్క రేకుల షెడ్డులో పెట్టి ఇంజను ఆపింది.

వాన సంగతి ఎవరు చెప్పారని బుల్లయ్య కరీమున్‌ను అడిగాడు.

"వానేంటి? మీ మరదలు కాయ తొక్కిస్తదని ఎత్తాం."

మళ్ళీ ఎండబోయమని బుల్లయ్య కూలీలకు చెప్పాడు. మొదటి బస్తా విప్పుతుండగా చినుకు పడింది. తర్వాత వాన పడింది. బుల్లయ్య వరండా నిండా పత్తి ఉంది. దగ్గర్లో ఇంకో చూరంటూ ఉన్నది తమ్ముడి షెడ్డే. అందులో కారుంది.

"కారు కాస్త బయటపెట్టమ్మాయ్. బస్తాలు వేసుకోవాలి."

రాఘవమ్మ కార్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను పలకలేదు.

"ఏమైంది?"

"షోలాపూర్ నుంచి ఇంతే, బావగారూ. లోపలికి మాత్రం నేనే తోలుకొచ్చా. మీరు చూశారు."

బుల్లయ్య బస్తాల వైపు చూశాడు. గోనె తడుస్తోంది.

"చూశాన్లే."

"కరీమున్‌కి వినపళ్ళేదంట."

"చూశానన్నాగా" అని బుల్లయ్య అరిచాడు.

రాఘవమ్మ హ్యాండ్‌బ్రేకు దించింది. "అయితే తోయండి."

కూలీలు బస్తాల దగ్గరున్నారు. బుల్లయ్య పంచె ఎగ్గట్టి, రెండు చేతులూ బానెట్టుకు ఆనించాడు. పదీ నలభైకి కారు వెనక్కి కదిలి గేటు దాటింది. తోసినవాడు బుల్లయ్య ఒక్కడే.