రేగుపండు తిన్న సోడియం

ఒక పెద్ద అడవిలో జరిగిన చిన్న కథ, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ముందు ఆ అడవి బడిలో రసాయన శాస్త్రం చెప్పే కొంగ మాస్టారి సంగతి వినాలి. ఆయన తరగతిలో ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటాడు. తల్లిదండ్రులు దాన్ని ఏకాగ్రత అంటారు. నేనేమీ అనను, గురక మాత్రం బయటికి వినిపిస్తుంది.

అసలు సంగతికొస్తాను. తనిఖీకి ఎలుగుబంటి దొరగారు వస్తున్నారని కబురొచ్చింది. పదో తరగతిలో ఒక్కరికైనా రసాయన బంధం అర్థం కాకపోతే బడి మూసేసి, వాగు అవతలి బడిలో కలిపేస్తారట. జింకలకు అది రెండు గెంతులు. తాబేలు పిల్ల మందాకినికి రెండు రోజుల నడక. అందుకని పుస్తకం నిజంగా చదివింది అదొక్కతే.

మాస్టారు చదువు జోలికి పోకుండా నాటకం వేయించాడు. కోతి తిప్పడు సోడియం, చేతిలో ఒక గులకరాయి. కుందేలు క్లోరిన్, దాని దగ్గర ఏడు. రాళ్లంటే బయటి కక్ష్యలోని ఎలక్ట్రాన్లు. కోతి తన రాయి ఇవ్వాలి, కుందేలుకు ఎనిమిది కావాలి, ఇద్దరూ కౌగిలించుకోవాలి, తరగతంతా "అయానిక బంధం" అని అరవాలి. మూడు రోజులు తప్పు లేకుండా సాగింది.

తనిఖీ రోజున, దొరగారి ముందు రాళ్లేం బాగుంటాయని, మాస్టారు పండిన రేగుపళ్లు తెప్పించాడు.

తిప్పడు పండు తినేశాడు. నేర్పినట్టే వెళ్లి కుందేలును కౌగిలించుకున్నాడు. తరగతంతా నేర్పినట్టే అరిచింది.

పాఠం చూడకపోయినా పండు మీద కన్నేసి ఉంచిన దొరగారు అడిగారు: "పండేదయ్యా?"

మాస్టారు రెండో కాలు కూడా కింద పెట్టాడు.

మందాకిని మెడ బయటికి చాపింది. "వీళ్లది బంధం కాదండీ. ఒకటి పోగొట్టుకుంటే సోడియానికి ధనావేశం వస్తుంది, ఒకటి పుచ్చుకుంటే క్లోరిన్‌కు రుణావేశం వస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఆ లాగుడే బంధం. ఇక్కడ పండు తిప్పడి కడుపులోనే ఉంది, కుందేలుకు ఏడే ఉన్నాయి. ఉత్త కౌగిలింతండీ."

కుందేలు కొంచెం ఎడంగా జరిగింది.

మరి ఇద్దరికీ ఏడేసి ఉంటే ఏమవుతుందని దొరగారు అడిగారు. తెలిసి అడిగారో తెలియక అడిగారో మనకెందుకు. చెరొకటి మధ్యలో పెట్టి, అన్నదమ్ములు ఉమ్మడి గట్టు పట్టుకున్నట్టు, రెంటినీ ఇద్దరూ వదలకుండా పట్టుకుంటారని, దాన్నే సమయోజనీయ బంధం అంటారని మందాకిని చెప్పింది. ముప్ఫై ఏళ్లుగా తనిఖీలు చేస్తున్న దొరగారు మొదటిసారి ఏదో రాసుకున్నారు.

వారంలో ఉత్తర్వు వచ్చింది. బడి మూయలేదు. ఆదర్శ పాఠశాలగా ప్రకటించారు. కొంగ మాస్టారికి సన్మానం జరిగింది, ఆయన ఒంటికాలి మీదే శాలువా కప్పించుకున్నాడు. ఆదర్శ పాఠశాల చూడడానికి వచ్చే అధికారులకు దారి అనువుగా ఉండాలని, బడిని వాగు అవతలికి మార్చారు.

మందాకిని సోమవారం బడికి బుధవారం చేరుతోంది. హాజరు చాలదని పరీక్షకు కూర్చోనివ్వలేదు.

నీతి: దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గడం అయాన్లకే, ఉత్తర్వులు రాసేవాళ్లకు అన్నీ దగ్గరే.