పాలు పొంగించిన వ్యాగన్

1944 మార్చి నెలలో బెంగళూరు ప్రజలకు ఒక శుభవార్త ప్రకటించారు. రైలు వ్యాగన్ల కొరత అనేది ఎక్కడా లేదు, అదంతా గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు. ఈ సంగతి అచ్చువేసిన కాగితాలను ఊరూరా పంచవలసి ఉండగా, వాటిని మోయడానికి వ్యాగన్ దొరక్క ఎద్దులబండ్ల మీద పంపారు. బండ్లు కొన్ని ఊళ్లకు చేరాయి. చేరని ఊళ్లవాళ్లు పాపం, కొరత ఉందనే అజ్ఞానంలోనే ఉండిపోయారు.

యుద్ధకాలపు ఏర్పాట్లు ఎంత పద్ధతిగా ఉండేవో ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. గని దగ్గర బొగ్గు కొండలా పడి ఉండేది, తేవడానికి వ్యాగన్ ఉండేది కాదు. వ్యాగన్ ఉన్నచోట లాగడానికి ఇంజను ఉండేది కాదు. ఇంజను ఉన్నచోట మండించడానికి బొగ్గు ఉండేది కాదు. రాక్షసి బొగ్గు లేదని ఇంజన్లకు కట్టెలు పెట్టారు. పెట్రోలు లేదని బస్సుల వీపుకు కుంపట్లు తగిలించి కట్టెబొగ్గు పెట్టారు. కట్టెలన్నీ ఇలా ఊరేగుతుంటే ఇంట్లో పొయ్యి కింద ఏం పెట్టాలని ఆడవాళ్లు అడిగారు. పొయ్యి మీద పెట్టడానికి బియ్యం కూడా లేకుండా చేసి, సర్కారు వారు ఆ ప్రశ్నకు ముందే జవాబు చెప్పి ఉన్నారు.

ఇంత సుభిక్షంలో ఒక్క చెన్నరాయప్పకే కష్టం వచ్చింది.

వైట్‌ఫీల్డ్ స్టేషనుకు కూతవేటు దూరంలో అతనికి ఇటుకల బట్టీ ఉండేది. ఆ ఏడు బావమరిది పెద్దమునియప్ప దగ్గరుండి మట్టి తొక్కించి, అచ్చులు పోయించి, ఎండబెట్టి, పచ్చి ఇటుకలను బట్టీలో గోపురంలా పేర్చిపెట్టాడు. ఇక నిప్పు పెట్టడమే తరువాయి. నిప్పుకు బొగ్గు లేదు. పచ్చి ఇటుక అంటే ఏమిటి? ఆరిన మట్టి. మామిడి కాయల వానలు దిగాయంటే గోపురం మొత్తం కరిగి, వచ్చిన దారినే మళ్లీ చెరువులోకి పోతుంది. అందుకని చెన్నరాయప్ప పొద్దున లేస్తే ఒక కన్నుతో ఆకాశాన్నీ, ఇంకో కన్నుతో రైలు పట్టాలనూ చూసేవాడు. ఎదురుపడ్డవాళ్లు అతనికి మెల్లకన్ను వచ్చిందనుకున్నారు.

ఉగాది దాటాక అద్భుతం జరిగింది. చెన్నరాయప్ప పేరు మీద ఒక వ్యాగన్ వచ్చింది! పైన కప్పు లేని వ్యాగన్లన్నీ ఫిరంగులు మోయడానికి పోయినందువల్ల, బొగ్గు పైకప్పూ తలుపులూ ఉన్న పెట్టెలో దర్జాగా దిగింది. దారి పొడుగునా ప్రతి స్టేషనులోనూ ఆకలేసిన ఇంజన్లు తలా కాస్త ప్రసాదం పుచ్చుకున్నందువల్ల సగమే మిగిలింది. సగమైనా చాలు, బట్టీ కాలుతుంది. వ్యాగన్‌ను ఇంజను నుంచి విడదీసి పక్క పట్టాల మీద నిలబెట్టారు. చెన్నరాయప్ప బండ్లు కట్టించి, పారలు పట్టించి పరుగెత్తుకొచ్చేసరికి అతని భార్య పిల్లమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది, చేతిలో పాలగిన్నెతో.

"ఒక్క పార కూడా వెయ్యనీను," అంది. "రాకరాక వచ్చిండాది. పాలు పొంగించకుండా ముట్టుకుంటారా?"

ఆ ఇంట్లో అది ఆచారం. బావి తవ్వితే పాలు పొంగించారు, ఎద్దులబండి కొంటే పాలు పొంగించారు, బట్టీ పెట్టినప్పుడైతే ఊరంతటికీ చాలేటన్ని పొంగించారు.

"మేయ్, ఆకాశం చూడు, మబ్బు పట్టతా ఉండాది. బేగ దించుకోనీ మొదట."

"మబ్బు పట్టితే పట్టనీ. ఎన్నడన్నా పాలు పొంగించకుండా మన ఇంట్లో ఏమన్నా బాగుపడిండాదా?"

బావమరిది వైపు చూశాడు చెన్నరాయప్ప. "మా చెల్లెలు చెప్పినాక అంతే బావా," అని పెద్దమునియప్ప పార కింద పెట్టి కూర్చున్నాడు.

కాబట్టి వ్యాగన్ తలుపుకు మామిడాకుల తోరణం కట్టారు. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టారు. పట్టాల మధ్య ముగ్గు వేశారు. ఖాళీ సగంలో కుంపటి పెట్టి, వచ్చిన బొగ్గుతోనే మంట చేసి, గిన్నె ఎక్కించారు. పాలు చక్కగా, నాలుగు వైపులా పొంగాయి. తూర్పుకు ఎక్కువ పొంగాయని పిల్లమ్మ మురిసిపోయింది.

సరిగ్గా అప్పుడే వ్యాగన్ల కొరత విచారణ సంఘం వారు అటుగా వచ్చారు.

లేని కొరతను విచారించడానికి మదరాసు నుంచి వచ్చిన సంఘం అది. అధ్యక్షులు రావుబహద్దూర్ సుబ్బరాయుడు గారు. ఆయనకు సంస్కృతం, ఇంగ్లీషు, పంచాంగం మూడూ కరతలామలకం. బెంగళూరులో ఉన్న బంగళాలన్నీ సిపాయిలు ఆక్రమించినందువల్ల, సంఘం వారు బస దొరక్క స్టేషను బల్లల మీద పడుకుంటూ, నడుములు పట్టేసి, దేశసేవ చేస్తున్నారు. అలాంటివారికి తోరణం కనబడింది, ముగ్గు కనబడింది, కాగిన పాల వాసన ముక్కుకు తగిలింది. రావుబహద్దూర్ గారి కళ్లు చెమ్మగిల్లాయి.

"గృహప్రవేశమైన గృహాన్ని శూన్యంగా ఉంచరాదు. శాస్త్రం అంగీకరించదు," అన్నారు, చెప్పులు విడిచి లోపలికి కుడికాలు పెడుతూ.

"సామీ, ఇది ఇల్లు కాదు, బండి!" అని మొత్తుకున్నాడు చెన్నరాయప్ప.

"బండిలో పాలు పొంగిస్తారా?"

"మా ఎద్దులబండికి కూడా పొంగించినాము సామీ."

"అయితే అదీ ఇల్లే. దాని సంగతి తర్వాత విచారిస్తాం."

ఆ క్షణమే దాన్ని వ్యాగన్ల లెక్కలోంచి తీసేసి ఇళ్ల లెక్కలో చేర్చారు. ఇల్లయ్యాక చిక్కొకటి వచ్చిపడింది. నివాసగృహంలో అంత బొగ్గు పెట్టుకోవడం యుద్ధకాలంలో దొంగనిల్వ కిందికి వస్తుంది. కనుక బొగ్గును జప్తు చేసి, లక్కముద్ర వేసి, తామే కాపలా ఉంటామని సంఘం వారు అదే పెట్టెలో మకాం పెట్టారు. నేరం చేసినవాణ్ణి జైలుకు పంపకుండా వదిలినందుకు చెన్నరాయప్ప చేత చేతులెత్తి దండం పెట్టించుకున్నారు.

ఆ తర్వాత విచారణ ముమ్మరంగా సాగింది. సంఘం సుఖంగా ఉందని తెలిసి ఉపసంఘాలు దిగాయి. స్టేషనుకు ఏ వ్యాగన్ వచ్చినా అందులో పాలు పొంగించి ఒక ఉపసంఘం కాపురం పెట్టేది. చక్రాల పక్కన తులసి కుండలు వెలిశాయి. పెట్టెల కప్పుల మీద అప్పడాలు ఎండాయి. ఒక సభ్యుని భార్య పురిటికి కూడా అక్కడికే వచ్చింది. సాయంకాలాలు అందరూ ఒకచోట చేరి, ఉన్న వ్యాగన్లన్నీ ఏమైపోతున్నాయని దీర్ఘంగా ఆలోచించేవారు. ఎంత ఆలోచించినా అంతు చిక్కేది కాదు. చల్లగాలికి నిద్ర పట్టేది.

జప్తు చేసిన బొగ్గు నాణ్యమైనదా కాదా అని రోజూ పరీక్షించేవారు. పరీక్షకు రాగి హండా నిండా నీళ్లు పెట్టి, వేడెక్కాయో లేదో సభ్యులు ఒక్కొక్కరుగా ఒంటిమీద పోసుకుని చూసేవారు. ఈ శాస్త్రీయమైన పనికి పొయ్యి రాజేయడంలో ఆరితేరినవాడు కావాలని పెద్దమునియప్పనే కొలువులో పెట్టుకున్నారు. రాత్రిళ్లు బొగ్గు పక్కనే పడుకుని కాపలా కూడా అతనే.

అతను రోజూ వచ్చి కబురు చెప్పేవాడు. "బావా, రావుబహద్దూరు గారికి నీళ్లు స్వల్ప చల్లగా ఉన్నాయంట. ఈ పొద్దు నీ బొగ్గు ఇంకో తట్ట పోయె."

చెన్నరాయప్ప అర్జీ మీద అర్జీ పెట్టాడు. వ్యాగన్లు ఖాళీ లేనందున ప్రస్తుతం పరిశీలించలేమని వ్యాగన్ తలుపులోంచే జవాబు వచ్చేది. ఒకనాడు బట్టీ మీద నాలుగు చినుకులు పడ్డాయి. పై వరుస ఇటుకల మూలలు మెత్తబడి, ముసలివాళ్ల భుజాల్లా జారాయి. చెన్నరాయప్ప వాటి ముందు చతికిలబడ్డాడు.

"నీ పాలు! నీ పాలే కొంప ముంచె!" అని పెళ్లాం మీద అరిచాడు.

పిల్లమ్మ కొంగు నడుముకు చుట్టి పురోహితుని ఇంటికి పోయి, ఒక్క సంగతి కనుక్కుని వచ్చింది.

"పాలతో ఇల్లయితే, పాడెతో పాడిల్లు కాదా?" అంది. "శుక్రవారం ధనిష్ఠా నక్షత్రమంట. ఆ నచ్చత్రంలో చావు జరిగితే ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టల్ల. ఎంత రావుబహద్దూరు అయినా సరే."

"చావడానికి యెవురుండారే?"

పిల్లమ్మ అన్న వైపు చూసింది. పెద్దమునియప్ప తింటున్న సంగటి ముద్ద గొంతులో అడ్డం పడింది.

"నేనా? నాకింకా కూతురి పెండ్లి ఉండాది కదమ్మా!"

"స్వల్ప సేపే అన్నా. ఊరికే పడుకో, మిగిలింది నేను చూసుకుంటాను."

శుక్రవారం తెల్లవారింది. సంఘం వారు లేచి వేడినీళ్ల కోసం చూస్తే హండా కింద మంట లేదు, బొగ్గుల మీద పెద్దమునియప్ప వెల్లకిలా ఉన్నాడు. పిల్లమ్మ జుట్టు విరబోసుకుని వచ్చి మీద పడింది. ఆమె ఏడుపుకు అటు పోయే మదరాసు మెయిలు కూడా నెమ్మదించిందని చెబుతారు.

"అయ్యో నా అన్నా! సర్కారు బొగ్గుకు కాపలా కాస్తా పోతివే! నీళ్లు కాచిపెట్టకుండానే పోతివే!"

సభ్యుల్లో నాడి పట్టి చూసినవాడు ఒక్కడు లేడు. పంచాంగం తీసి చూడనివాడూ లేడు. రావుబహద్దూర్ గారు వేలు పెట్టి వరుస వెతికి, "ధనిష్ఠ!" అన్నారు. మరుక్షణం అందరూ పరుపులు చుట్టుకోవడంలో మునిగారు.

అంతా మెట్టు దిగబోతుండగా బొగ్గుపొడి ముక్కులోకి పోయి పెద్దమునియప్ప గట్టిగా తుమ్మాడు. రావుబహద్దూర్ గారు టక్కున ఆగారు. వెనక్కి తిరిగి శవం వైపు కోపంగా చూశారు.

"బయలుదేరేటప్పుడు తుమ్మాడు అప్రాచ్యుడు. అందరూ ఒక నిమిషం కూర్చుని లేవండి."

అందరూ కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. లేచి వెళ్లిపోయారు. పోతూపోతూ, మైలపడిన బొగ్గును దోషి తక్షణం సొంత బాధ్యత మీద తొలగించవలెనని ఆజ్ఞ పారేశారు. పక్క పెట్టెల ఉపసంఘాలు కూడా గాలి సోకుతుందని తులసి కుండలు ఎత్తుకుని తరలిపోయాయి.

సాయంత్రానికల్లా బట్టీకి బొగ్గు చేరింది. నిప్పు పెట్టే నేర్పు పెద్దమునియప్పకే ఉంది గనక, పోయినవాడే తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి బట్టీ అంటించాడు. ఇటుకలు మోదుగుపూల రంగు తేలాక వాన దిగింది. ఆ ఏడు చెన్నరాయప్ప ఇటుక మీద వేలితో కొడితే కంచులా మోగేది. సంఘం వారు కూడా ఉత్త చేతులతో పోలేదు. వ్యాగన్ల కొరతకు మూలకారణం దుష్టనక్షత్రాలని కనిపెట్టి, ప్రతి స్టేషనుకూ ఒక జ్యోతిష్కుణ్ణి నియమించాలని సిఫార్సు చేశారు. ఇంత సూటిగా కారణం చెప్పిన సంఘం మరొకటి లేదని అందరూ మెచ్చుకున్నారు.

మరుసటేడు వేసవిలో మళ్లీ పచ్చి ఇటుకలు గోపురంలా లేచాయి. మళ్లీ మబ్బులు పట్టాయి. స్టేషను మాస్టరు కబురు పంపాడు. బొగ్గు వచ్చింది, ఈసారి కప్పు తగిలేదాకా నిండుగా ఉంది, దారిలో ఒక్క ఇంజను కూడా చిటికెడు ముట్టుకోలేదు!

చెన్నరాయప్ప బండ్లతో ఎగురుకుంటూ పోయాడు. వ్యాగన్ దగ్గరికి వచ్చి నిలబడిపోయాడు. తలుపుకు ఎండిన మామిడాకుల తోరణం వేలాడుతోంది. గడప మీద పసుపు మరక. అప్పుడర్థమైంది, దారిలో ఎవరూ ఎందుకు ముట్టుకోలేదో.

"ఏమయ్యా, నిలబడిపోతివి? దించు!" అంది పిల్లమ్మ.

"అది... ఆ పెట్టె."

"అయితే ఏమి? దాంట్లో యెవురు చచ్చిండారు?"

"యెవురూ లేదనుకో. ధనిష్ఠ అయితే నిజమే కదా. ఆరు నెలలు దాటినా శాంతి చేయించలేదు." చెన్నరాయప్ప బావమరిది వైపు తిరిగాడు. "బావా, నీకు అలవాటైన చోటు. నువ్వు ఎక్కి స్వల్ప తోసెయ్, మేము కింద పట్టుకుంటాము."

పెద్దమునియప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

"బాగుండాదప్పా నీ మాట! నేను చచ్చిన బండి అది. నేనెట్ల ఎక్కేది?"

కూలీలు తలలు ఊపారు. న్యాయమైన మాటే. పిల్లమ్మ అందరినీ నోటికొచ్చినట్టు తిట్టి, చీర ఎగ్గట్టి, గడప మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆలోచించింది.

"ఈ పొద్దు మంగళవారమై పాయె," అంది చెయ్యి తీసేస్తూ. "లేకుంటే నేనే ఎక్కుదును."

బుధవారం పొద్దున అందరూ వచ్చేసరికి, దించుకునే దిక్కు లేదని వ్యాగన్‌ను నిండు బొగ్గుతో వెనక్కి పంపేశారు. బుధవారం సాయంత్రం వాన వచ్చింది. గోపురం వచ్చిన దారినే చెరువులోకి పోయింది.

ఆ బట్టీ ఉన్న నేల మీద ఇప్పుడు మేఘాలు తగిలే అపార్ట్‌మెంటు లేచింది. అందులో ఉండేవాళ్లంతా పెద్ద చదువులవాళ్లు, కంప్యూటర్లవాళ్లు. ఈ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వుతూనే లిఫ్టు ఎక్కుతారు. ఆ లిఫ్టులో పన్నెండో అంతస్తుకు మీట ఉంది, దాని పక్కనే పద్నాలుగుకు మీట ఉంది. మధ్యలో ఎవరు చచ్చారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.