దేశనూరు సముద్రం

మా దేశనూరికి సముద్రం లేని లోటు శుక్రవారంతో తీరిపోతుందని హనుమేషన్న ప్రకటించినాడు. ప్రపంచ సముద్ర రక్షణ వేదికకి సిరుగుప్ప తాలూకా శాఖ అధ్యక్షుడాయన. వేదిక పెట్టిందీ ఆయనే, అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నదీ ఆయనే. ఇదంతా ఎలక్షన్ టికెట్ కోసం కాదని కూడా ఆయనే చెప్పినాడు కాబట్టి నేను నమ్మినా. ఊళ్లో పేపర్ విలేకరిని. నమ్మడం నా డ్యూటీ.

"సముద్రం యాడుందన్నా మనకి?" అని అడిగితే ఊరి కెరె దిక్కు చెయ్యి చూపించినాడు.

కెరె అంటే మా తాగునీళ్ల చెరువు. ఎండాకాలం కాలవ బంద్ చేసేముందు నింపుకుంటాం. మళ్లీ కాలవ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్లే తాగాల. అందుకే దాంట్లో ఎవరూ కాలు కూడా పెట్టరు. గట్టు మీద కాపలా ఉరుకుందమ్మది. ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు. ఆమె నోటికి జడిసి ఎనుములు కూడా చుట్టు తిరిగి పోతాయి.

"ఏందప్పా ఈ మూటలు?" అని గట్టు మీదికొచ్చిన ట్రాక్టర్‌కి అడ్డం నిలబడింది.

"ఉప్పక్కా," అన్నాడు హనుమేషన్న.

"కెరెలో ఉప్పా? నీ తెలివికి అగ్గిబెట్టా! ఊరేం తాగాల?"

"సప్పటి సముద్రం చూస్తే ఫారిన్‌వాళ్లు నవ్వరా? దేశం మర్యాదక్కా. ఆడ మహాసముద్రాలు చస్తాండాయి, నువ్వేమో ఈడ బిందె గురించి మాట్లాడతాండావు. కొంచెం గ్లోబల్‌గా ఆలోచించు."

మూటలు దిగినాయి. ఇంజనీర్ సిద్ధేశ్ సాహేబ్రు వచ్చి, కలిపినాక ఉప్పు బిల్కుల్ కనపడదని టెక్నికల్‌గా భరోసా ఇచ్చినాడు.

శుక్రవారం సభకి అంతర్జాతీయ ప్రతినిధిని హంపిలో పట్టినారు. పాపం, బైకుకి పంక్చర్ వేయించుకుంటా ఉంటే కారెక్కించినారు. శాలువా కప్పినాక ఆ తెల్లాయన మైకులో, తనది స్విట్జర్లాండ్ అనీ, వాళ్ల దేశానికి సముద్రమే లేదనీ చెప్పుకున్నాడు.

"మాకూ లేదప్పా!" అని హనుమేషన్న వాటేసుకున్నాడు. "దీన్నే అంతర్జాతీయ సహకారం అంటారు!"

నాకు ఒళ్లు పులకరించింది. చప్పట్లు కొట్టినా.

తర్వాత జలచరాల విడుదల. బళ్లారి మార్కెట్ నుంచి ఐసు పెట్టెల్లో సముద్రపు చేపలు తెప్పించినారు. ఉప్పునీళ్లు తగిలితే లేస్తాయని హనుమేషన్న ధైర్యం. వదిలినారు. అన్నీ వెల్లకిలా తేలినాయి. తెల్లాయన మాత్రం ఫోన్ తీసి, ఇప్పటి సముద్రాల పరిస్థితిని ఉన్నదున్నట్టు చూపించినారని తెగ మెచ్చుకున్నాడు.

"అదే మా కాన్సెప్ట్," అన్నాడు హనుమేషన్న.

సముద్రాల్ని కాపాడతామని అందరూ ప్రమాణం చేసి, సీసా నీళ్లు తాగి, ఖాళీ సీసాలు సముద్రంలోకే ఇసిరేసినారు. అప్పటికప్పుడు కెరెని రక్షిత సముద్ర ప్రాంతంగా ప్రకటించి, ఊరి తలారి కెంచప్ప మెడలో విజిల్ వేసి కాపలా పెట్టినారు.

మర్నాటి నుంచి ఊళ్లో కూరలో ఉప్పు వేసే పని తప్పింది. ట్యాంకర్ అడిగితే, సముద్రం ఉన్న ఊరికి ట్యాంకర్ ఏంది, బయట నవ్విపోతారు అన్నాడు హనుమేషన్న. ఉరుకుందమ్మ మనవరాలు మంజుశ్రీ తాగిన నీళ్లు తాగినట్టే కక్కుకుంటాంది. నోరు పిడచగట్టుకపోయి ఏడ్చేకి కూడా ఓపిక లేదు.

మూడోనాటికి కెరె కంపు ఊరంతా లేచింది. ఆ కుళ్లన్నా తీసేద్దామని ఉరుకుందమ్మ గంప తీసుకుని నీళ్లలోకి దిగింది. పుట్టి బుద్ధెరిగినాక ఆమె కాలు ఆ నీళ్లని తాకడం అదే మొదలు. చచ్చిన చేపల్ని ఒక్కొక్కటే ఏరతాంటే కెంచప్ప విజిల్ వేసినాడు.

కారులో హనుమేషన్న, జీపులో పోలీసులు జల్దీ జల్దీ వచ్చేసినారు.

"రక్షిత సముద్రంలో చేపల వేట! ప్రపంచంలో సముద్రం దొంగని పట్టిన మొదటి ఊరు మనదేనప్పా! ఫోటో తియ్యి!" అని హనుమేషన్న నన్ను తొందరపెట్టినాడు.

ఉరుకుందమ్మ చేతికి ఒక చేప ఇచ్చి, పక్కన పోలీసాయన్ని నిలబెట్టినారు. ఈసారి ఆమె ఎవరినీ తిట్టలేదు. నా దిక్కు చూసింది.

"పేపరప్పా, మీ ఇంట్లో తాగేకి నీళ్లుండాయా? పాప అడగతాండాది."

"లేవక్కా," అన్నా. "కొంచెం ఈ పక్కకి తిరుగు. చేప కనపడాల."