సుశీల కార్తీక దీక్ష

అంకులి కాలనీ తెలుగువారికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన కాలనీలో కార్తీక దీక్ష పట్టిన పిల్లి ఒకటి కలదు. పేరు సుశీల. రంగు గోధుమ. యజమాని వెంకటరమణమూర్తి గారు, రిటైర్డ్ హెడ్ క్లర్కు.

ఈ ప్రకటనను సైక్లోస్టైల్ చేయించి ఇంటింటికీ పంచింది కూడా మూర్తిగారే. కారణం లేకపోలేదు. బరంపురంలో కార్తీకాలు రెండు. ఒడియావారిది దీపావళికి పదిహేను రోజుల ముందే మొదలై పౌర్ణమితో ముగుస్తుంది. మర్నాడు ఛాడఖాయి, అంటే నెల్లాళ్ళుగా చేప ముట్టని ఊరంతా చేపల బజారు మీద పడే రోజు. తెలుగువారిది దీపావళి మర్నాడు మొదలై, పౌర్ణమి దాటి అమావాస్య దాకా నడుస్తుంది. అంకులి తెలుగువారు తరతరాలుగా తెలుగు పంచాంగంతో మొదలుపెట్టి ఒడియా పంచాంగంతో ముగించేవారు. నెల పుణ్యం పదిహేను రోజుల్లో చేతికొచ్చేది. దీన్ని ఉభయ సంస్కృతుల సమన్వయం అనేవారు. మూర్తిగారు ముప్ఫయ్యేళ్ళు ఆ సమన్వయంలోనే బతికారు. కాలనీ తెలుగు సంఘానికి అధ్యక్షుడు కావాలనిపించిన ఏడాది మాత్రం అది మహాపరాధమని ఆయనకు తెలిసొచ్చింది.

"నోరులేని పిల్లి అమావాస్య దాకా ఉంటానంటోంది, మనకేం రోగం?" అన్నది ఆయన ఎన్నికల నినాదం.

సుశీల నిజంగానే ఆయన ఎదుట చేప వైపు చూసేది కాదు. ఆ మాటకొస్తే ఆయన వైపూ చూసేది కాదు. ఆయన గదిలోకి వస్తే బీరువా ఎక్కేది. ఒళ్ళోకి తీసుకోబోతే మోచేతి దాకా గీరేది. మూర్తిగారు దీన్ని భయభక్తులన్నారు. ఆయన గుమ్మం ఎక్కగానే భార్య పుణ్యవతి కూడా కూనిరాగం ఆపి వంటింట్లోకి వెళ్ళేది గనక, భయభక్తుల విషయంలో ఆయనకు మంచి అనుభవమే ఉంది.

ఎన్నిక పౌర్ణమి సాయంత్రం, మూర్తిగారింట్లోనే. సరిగ్గా నాలుగు రోజుల ముందు విజయనగరంలో బావమరిది గృహప్రవేశం వచ్చిపడింది. పిల్లినెవరు చూస్తారు? పక్కింటి తాతారావు చూస్తానన్నాడు గాని, అధ్యక్ష పదవికి పోటీదారు అతనే. చివరికి చేపలమ్మే జగ్గమ్మ కుదిరింది. రామయ్యపట్నం నుంచి రోజూ కాలనీకి గంప తెచ్చే మనిషి. పౌర్ణమికి ముందు అయిదు రోజులు కొంగ కూడా చేప ముట్టదని, దీక్ష లేనివారైనా ముట్టరాదని ఇక్కడి నమ్మకం కాబట్టి గంపకు పనిలేదు, ఆమెకూ లేదు. మూర్తిగారు పద్నాలుగు నిబంధనలు రాసి, నిలబడి చదివి వినిపించారు. సుశీలను "ఒసే" అనరాదన్నది ఆరోది. జగ్గమ్మ పద్నాలుగింటికీ "అలగే బాబూ" అంది.

పౌర్ణమి మధ్యాహ్నం దంపతులు రిక్షా దిగారు. కిటికీలోంచి మూర్తిగారికి కనిపించిన దృశ్యం ఈ క్రింది విధంగా ఉన్నది. జగ్గమ్మ కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుంది. ఆమె ఒళ్ళో సుశీల వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ గాలికి వదిలేసింది. "ఒసే, ఇటు తిరుగే" అంటే తిరిగింది. "నోరు తెరే" అంటే తెరిచింది. ఆ నోట్లోకి ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు, ఒక్కొక్కటే వెళుతున్నాయి.

దీక్ష చెడినందుకు మూర్తిగారికి కోపం వచ్చిందని రాయాలని ఉంది. కాని వచ్చింది ఏడుపు. నాలుగేళ్ళుగా పాలుపోసి పెంచుతున్నా ఆ పొట్ట తెల్లగా ఉంటుందని ఆయనకు ఇవాళే తెలిసింది.

తలుపు తీశారు. సుశీల ఒక్క గెంతులో బీరువా మీదికెక్కి కళ్ళు మూసుకుంది.

"ఏటిది జగ్గమ్మా?" అన్నారు మూర్తిగారు. గ్రాంథికం ఆ క్షణానికి అందలేదు.

"నానేటి సేసినాను బాబూ? మొదటి పూట పెరుగన్నవే ఎట్టినాను. మూతి తిప్పేసి, బియ్యం మూటెనకాల డబ్బా కాడికెల్లి కూకున్నాది. మూత తీత్తే నెత్తళ్ళు. నా గంపలోవే, నానెరగనా?"

మూర్తిగారు భార్య వైపు తిరిగారు. పుణ్యవతి సంచీ కింద పెట్టింది.

"మీరు మీటింగులకెల్లినప్పుడు అదీ నానూ తింటాం. మీరుంటే దానికి ముద్ద దిగదు. నాకూ అంతే" అంది.

సాయంత్రం సభ్యులు వచ్చారు. మూర్తిగారు నిజం చెప్పేద్దామని రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. రెండుసార్లూ సభ్యులు చప్పట్లు కొట్టారు. అప్పుడు తాతారావు జేబులోంచి కాగితప్పొట్లం తీసి, బీరువా కింద నాలుగు నెత్తళ్ళు పరిచాడు. పరువు పోయిందనే అనుకున్నారు మూర్తిగారు. సుశీల కళ్ళు తెరిచింది. చేపల్ని చూసింది, మూర్తిగారిని చూసింది, గోడ వైపు తిరిగి పడుకుంది.

తాతారావుతో సహా ఎన్నిక ఏకగ్రీవం. అమావాస్య దాకా అంకులి తెలుగువారెవ్వరూ చేప ముట్టరాదన్న తీర్మానమూ ఏకగ్రీవం. "ఈ మూగజీవి మన జాతికి దారి చూపింది!" అన్నారు నూతన అధ్యక్షులు. దీక్షాపరుడి జేబులో నెత్తళ్ళెందుకున్నాయని ఎవరూ అడగలేదు. వెళ్ళేటప్పుడు ప్రతి సభ్యుడూ వరండాలో చెప్పులు వెతుక్కుంటూ, అక్కడే కూర్చున్న జగ్గమ్మ చెవిలో ఒకటే మాట చెప్పాడు: "రేపు పెరటి గుమ్మానికి రా." తాతారావు రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు ఛాడఖాయి. కాలనీ అంతా చేపల వేపుడు వాసన. అధ్యక్షులవారు పదింటి దాకా ఓర్చుకుని, వీధి తలుపు గడియపెట్టి వంటింట్లోకి వచ్చారు. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. పుణ్యవతి ఏదో పాడుకుంటోంది. ఆయన్ని చూసి కూడా ఆపలేదు. కాలితో పీట జరిపింది. ఆయన కూర్చున్నారు, తిన్నారు. మూడో ముద్దకి సుశీల వచ్చి మోకాలు వాసన చూసి, ఒళ్ళోకెక్కి పడుకుంది. నాలుగేళ్ళలో మొదటిసారి. అది లేచిపోతుందేమోనని ఆయన మంచినీళ్ళు కూడా అడగలేదు.

"అధ్యక్షా!" అని వీధిలోంచి తాతారావు కేక.

పిల్లి బీరువా ఎక్కింది. పాట ఆగింది. మూర్తిగారు మూతి కడుక్కుని వెళ్ళి తలుపు తీశారు. అమావాస్య దాకా నిష్ఠ సడలకూడదని ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. తాతారావు మీసంలో ఒక ముల్లు మెరుస్తోంది. మూర్తిగారు పెద్దమనిషి గనక దాన్ని చూడలేదు.

పాఠక మహాశయులు ఈ సంగతి బయట పెట్టవలదని మనవి. మీ బియ్యం మూట వెనక ఏముందో మేము అడగలేదు. మా ఇంట్లో పిల్లి మా వైపు ఎందుకు చూడదో మీరూ అడగకండి.