తేదీ లేని రాయి

ఆ శనివారం పొద్దున లీలావతి ప్లాన్ చాలా చిన్నది. తొలి బస్సుకు ఆళ్లగడ్డ పోవాలి, శిల్పి దగ్గర రాయి తీసుకోవాలి, నాయన మధ్యాహ్నం అన్నానికి కూర్చునే వేళకు తెచ్చి ముందు పెట్టాలి. ఆ రోజు ఆయన పుట్టినరోజు. రాయి చూసి ఒక్క మాట మాట్లాడితే చాలు, తిట్టినా సరే.

ఆమె నాయన జకరయ్య రైస్ మిల్లులో గుమాస్తాగా రిటైరయ్యాడు. ఆయనకు పటాలు గీయడం పిచ్చి. నంద్యాలలో సగం పెళ్లి కార్డుల వెనక కల్యాణ మండపానికి దారి చూపే పటం ఆయన గీసిందే. ఆయన భార్య కరుణమ్మకు మాత్రం కుడి ఎడమలే తెలియవు. నూనెపల్లె నుంచి గాంధీ చౌక్‌కు పోవాలన్నా దారిలో నలుగురిని అడిగేది. తిరిగొచ్చేసరికి ఆ నలుగురి ఇళ్లలో సంగతులూ మోసుకొచ్చేది. అలాంటి మనిషి పోయిన ఏడు ఒక మధ్యాహ్నం గుండె ఆగి, ఎవరినీ ఏమీ అడక్కుండానే పోయింది.

ఆ రోజు జకరయ్య ఏడవలేదు. సమాధుల తోటకు ఏ సందులోంచి తిరగాలో వచ్చిన చుట్టాలకు కాగితాల మీద గీసిస్తూ కూర్చున్నాడు. తర్వాత ఓనర్ ఇల్లు అమ్మేయడంతో సంజీవనగర్‌కు మారారు. కొత్త ఇంట్లో ఆయన మాటలు తగ్గి తగ్గి "ఊ" దగ్గర ఆగిపోయాయి. హ్యాంగయిన కంప్యూటర్ కూడా లోపల ఫ్యాను తిప్పుకుంటూ కొంచెం చప్పుడు చేస్తుంది. ఈయన దగ్గర అదీ లేదు. పటాలు గీయడం మాత్రం ఆగలేదు. "అమ్మకు రాయి వేయిద్దాం నాయనా" అని లీలావతి అన్నప్పుడల్లా తల దించుకుని గీసుకునేవాడు.

కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే లీలావతి ఆయనకు ఇప్పటికే ఒక గ్లోబు, రంగు పెన్సిళ్లు, అట్లాసున్న సీడీ కొనిచ్చింది. సీడీ మీద ఆయన టీ గ్లాసు పెట్టుకుంటున్నాడు. అందుకే ఈసారి రాయి. ఆయన కాగితాల కట్టలో పైనున్న పటం జెరాక్స్ తీయించి ఆళ్లగడ్డ శిల్పి బాలస్వామికి పంపి, ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

"ఆ పటం రాయి మీద చెక్కాలన్నా. టేబుల్ మీద పెట్టుకునేంత. మా నాయన కోసం."

"నాయన పేరేందక్కా?"

"జకరయ్య."

"పుట్టిన తేదీ?"

చెప్పింది. అవతల ఉలి చప్పుడు ఆగింది.

"నువ్వేం దిగులుపడాకక్కా. నాయనకు మంచి రాయేస్తా. చిన్నదైతే బాగుండదు."

గిరాకీతో ఇంత ఆప్యాయంగా మాట్లాడే మనిషి నంద్యాలలో ఒక్కడూ లేడే అని ఆమె మురిసిపోయింది.

ఆమె ఆళ్లగడ్డలో దిగి కొట్టం చేరేసరికి బాలస్వామి ఒక అమ్మవారికి ముక్కు తీరుస్తున్నాడు.

"రాయి తెల్లార్తోనే టెంపోలో పంపిస్తి గదక్కా! పటం చివర మీ ఇల్లు గుర్తు పెట్టుండాది, డ్రైవర్ దాన్ని చూసుకునే పోయినాడు. ఇట్లాంటి పనులు ఆలస్యం చేయకూడదు. పటం పైన సిలువ పెట్టినా. మరణం పక్కన మాత్రం ఖాళీ ఇడిసినా, నువ్వు తేదీ చెప్పలేదు. చెప్తే వచ్చి కొట్టిస్తా."

లీలావతి పక్కనున్న నంది మీద కూలబడింది.

"మా నాయన బతికే ఉండాడన్నా!"

బాలస్వామి ఉలి కింద పెట్టాడు. "బతికినోళ్లకు రాయి యాలక్కా? మంత్రులకైతే శంకుస్థాపనకు చెక్కుతాం. మీ నాయన మంత్రి గాదు గదా?"

ఆమె బూత్‌కు పరిగెత్తి పక్కింటి కమలాక్షమ్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. ఎత్తాల్సిన కమలాక్షమ్మ అప్పటికే వీధిలో గుండెలు బాదుకుంటోంది.

జరిగిందేమంటే, టెంపో డ్రైవర్ నడుమెత్తు రాయిని గోడకు ఆనించి, ఒక నిమిషం తలొంచి నిలబడి వెళ్లిపోయాడు. కమలాక్షమ్మ వచ్చి చదివింది. శిలువ. జకరయ్య. జననం. మరణం. ఇంటికి తాళం. ఇక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. "బిడ్డ ఆస్పత్రి కాడుందేమో! తేదీ కొట్టేంత టైము గూడా ఇయ్యకపాయె గదయ్యా దేవుడా!" టెంట్ హౌస్ సాజిద్ అడక్కుండానే షామియానా వేసి కుర్చీలు దించాడు. సంఘ పెద్ద యేసుదాసు పాటల పుస్తకంతో, చామంతి దండతో వచ్చాడు. దండ వేయించుకోవాల్సిన మనిషి ఇంకా రాలేదు కాబట్టి రాయికి వేశారు. పాట మొదలైంది.

జకరయ్య రోజూ పొద్దున ఎక్కడికో నడిచి వస్తాడు. ఆ రోజూ అలాగే వచ్చి వీధి మలుపు తిరిగాడు. షామియానా, ఏడుపు, రాతి మీద పేరును కప్పేసిన పూలదండ, దాని పైన శిలువ. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. వాళ్లలో ఒకడు ఇక్కడ నిలబడి ఉన్నాడు.

"లీలా!"

ఏడాదిగా "ఊ" తప్ప పలకని గొంతు వీధంతా వినిపించింది. చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. శవం కోసం ఎదురుచూస్తున్న జనం, శవమే పరిగెత్తుకుంటూ రావడం చూసి కుర్చీలతో సహా వెనక్కి పడ్డారు. కమలాక్షమ్మ సాజిద్ మీద పడింది. జకరయ్యకు ఎవరూ కనబడలేదు. తాళంచెవి తన జేబులోనే ఉందని మరిచిపోయి తలుపు గుద్దాడు. "లీలా, లీలా" అంటూ గడపలో కూలబడి ఏడ్చాడు. భార్య కోసం ఏడవాల్సింది కూడా అందులోనే కలిపి ఏడ్చాడు. నువ్వు బతికే ఉన్నావని ఆయనకు చెప్పడానికి వచ్చినవాళ్లు, ఆ ఏడుపు చూసి ఏం చెప్పాలో మరిచిపోయారు.

లీలావతి ఆటో దిగేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"యాడికి పోయినావే? చెప్పకుండా పోయేది మీ అమ్మ కాడ నేర్చుకున్యావా?"

"నీకు పుట్టినరోజు కానుక తెద్దామని పోయినా నాయనా."

"ఇంతమందిని ఏడిపిచ్చి నువ్వు బతికుంటావా అప్పా?" అంది కమలాక్షమ్మ జకరయ్యతో, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "నా బీపీ ఏం గావాల?"

"టెంటు ఇప్పేదా అన్నా?" అన్నాడు సాజిద్.

"పుట్టినరోజంట గదా, ఉండనీ" అని యేసుదాసు పుస్తకంలో ఇంకో పాట వెతకసాగాడు.

జకరయ్య రాయి దగ్గరికి వచ్చి, దండ పక్కకు జరిపి, గీతల మీద వేలు నడిపించాడు.

"ఏ కాగితమిచ్చినావు?"

"పైనుండేది. యాడిదో నేను సరింగ చూడలేదు."

"సమాధుల తోట కాడి నుంచి మనింటికి దారి."

లీలావతికి అర్థం కాలేదు.

"ఇల్లు మారినాం గదా" అన్నాడు ఆయన రాయినే చూస్తూ. "మీ అమ్మకు ఈ ఇల్లు తెల్దు."

కట్టలో కాగితాలన్నీ ఆ దారే. ఒకదాంట్లో నీడుండే వైపు, ఒకదాంట్లో కుక్కలు లేని సందు. రోజూ పొద్దున ఆయన నడిచి సరిచూసుకుని వచ్చేది కూడా అదే.

మరుసటి వారం బాలస్వామి ఉలి పట్టుకుని తానే నంద్యాల వచ్చాడు. జకరయ్య పేరు పైన కరుణమ్మ పేరూ తేదీలూ చెక్కాడు.

"నీ పేరు తీసేసేదా నాయనా?" అని జకరయ్యను అడిగాడు.

"ఉండనీ అప్పా. ఆ ఖాళీ గూడా అట్లే ఇడువు. పని మిగిల్తే నువ్వు మళ్లా వస్తావ్ గదా."

రాయిని సమాధుల తోటలో కరుణమ్మ తల దగ్గర నిలబెట్టారు. మట్టి తొక్కి చేతులు దులుపుకుంటుండగా లీలావతి చూసింది. పటంలో ఉత్తరం చూపుతూ అడ్డంగా గీసిన బాణం దక్షిణానికి తిరిగి ఉంది.

"నాయనా, బాణం తిరగబడింది. అమ్మ దారి తప్పుతాది."

జకరయ్య చుట్టూ ఉన్న సమాధులన్నిటినీ ఒకసారి కలయజూశాడు.

"దిక్కులు చూసి నడిచిన మనిషా మీ అమ్మ? అడుగుతాదిలే. ఈడ అడిగేదానికి జనానికేం కరువు?"