వారానికో ఆరోగ్యపు ఫోను

వారానికోసారి ఫోన్ చేసి తిండి, నడక, నిద్ర గురించి సలహాలిచ్చే సంస్థలో కోడలికి ఉద్యోగం వచ్చి నెల కూడా కాలేదు. పని జనాన్ని చేర్పించడం. ఉచితమన్నా ఎవరూ చేరడం లేదు. సాయంత్రంలోగా ముగ్గురిని చేర్చకపోతే రేపటినుంచి రానక్కర్లేదని సూపర్‌వైజరు చెప్పేశాడు. అందుకని ఆ ఉదయం సులువైన పథకమే వేసుకుంది: ఇంట్లో అత్తగారు, ఎదురింటి టీచరుగారు, పై అంతస్తు టైలరమ్మ.

అత్తగారు బట్టలు మడతపెడుతున్నారు.

"అత్తయ్యా, మీరు చేరండి. కాస్త నడక అలవాటవుతుంది."

"అంటే? నేను లావయ్యాననేగా?"

"అయ్యో, మిమ్మల్నొక్కరినే కాదు! టీచరుగారిని కూడా అడుగుతున్నా."

అత్తగారి మొహం విప్పారింది. కోడలు చెప్పులు వేసుకునేలోపే బాల్కనీలోకి వెళ్లి, "టీచరుగారూ, మీ ఒళ్లు చూసి మా కోడలు తెగ బెంగపెట్టుకుందండీ!" అని శుభవార్త అందించారు.

టీచరుగారు తలుపు సగమే తీశారు. "నేను నీ దారికేమైనా అడ్డంగా ఉన్నానా అమ్మా?"

"అబ్బే! అసలు నేను ముందు అనుకున్నది టైలరమ్మనండీ. రోజంతా మిషను ముందు కూర్చునే ఉంటుంది కదా!"

టీచరుగారు శాంతించి, వెంటనే పైకి ఫోన్ చేశారు. కోడలు మెట్లెక్కేసరికి టైలరమ్మ మెడలో టేపుతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఈ బిల్డింగులో అందరి నడుం కొలతలూ నాకు తెలుసు. మీ అత్తగారిది చెప్పనా?"

చెప్పింది. టీచరుగారిది కూడా చెప్పింది. మెట్ల దారిలో మాట బాగా మోగుతుంది.

కింద రెండు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. ముగ్గురూ కాసేపు ఒకరినొకరు దులిపేసుకుని, చివరికి తప్పంతా కోడలిదేనని ఒప్పందానికొచ్చారు.

"మీ ఆఫీసు నంబరివ్వు. నీ సంగతి అక్కడే తేలుస్తా" అన్నారు అత్తగారు. మిగతా ఇద్దరూ అదే నంబరు ఎక్కించుకున్నారు.

సాయంత్రం సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. కోడలు క్షమాపణకు సిద్ధమై ఎత్తింది.

"శభాష్ అమ్మా! ముగ్గురూ చేరారు!"

"ఎలా సార్? వాళ్లు నన్ను తిట్టడానికి కదా చేసింది!"

"తిట్టారు. మా సలహాదారు మధ్యలో అడ్డు రాకుండా అంతా విందట. ఇంట్లో ఇంతసేపు తమ మాట వినేవాళ్లే లేరన్నారు. వారం వారం ఇలాగే వింటారా అని అడిగి మరీ చేరారు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

కోడలి గుండె కుదుటపడింది. "పోన్లెండి. ఇంతకీ ముందుగా ఏం మానేస్తామన్నారు? తీపా, నూనె సరుకా?"

అతను గొంతు సవరించుకున్నాడు. "నీతో మాట్లాడటం."

మొదటి వారం ముగ్గురూ ఆ నియమాన్ని ఒక్కరోజు కూడా తప్పలేదు.