ఒప్పుకోని యంత్రం

జనన మరణాల నమోదు విభాగం సూపరింటెండెంటు గారు కంప్యూటర్ రంగానికి చేసిన సేవ గురించి ప్రజలకు తెలియాల్సినంత తెలియలేదు.

ఇంకా విడుదల కాని ఆపరేటింగ్ సిస్టంను ముందుగా వాడి చూడదలచినవారు పేరిచ్చుకోవచ్చని ఒక కంపెనీ ప్రకటిస్తే, ఆయన ఇచ్చారు. "మీరు ఎంపికయ్యారు" అని జవాబొచ్చింది. అడిగినవాళ్లందరికీ అదే జవాబు. కానీ ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ దేనికీ ఎంపిక చేయలేదు. అందుకని ఆ ఉత్తరాన్ని గోడకు అంటించారు.

ముఖ్యమైన పనులు జరిగే కంప్యూటర్లో దీన్ని ఎక్కించవద్దని కంపెనీ హెచ్చరించింది. ఆయన విభాగమంతా ఒకసారి కలియజూసి, అలాంటి ప్రమాదమేమీ లేదని తేల్చుకుని, అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటర్లో ఎక్కించారు.

మొదటి రోజు తెర మీద బొమ్మ తలకిందులైంది. మానిటర్‌ను తలకిందులుగా తిప్పి పని సాగించారు. రెండో రోజు తేదీ నలభై ఏళ్లు వెనక్కి నడిచింది. ఆ పూట నమోదైన పసిపాప తల్లికంటే పన్నెండేళ్లు పెద్దదైంది. తండ్రి అభ్యంతరం చెబితే, మార్పును స్వాగతించడం నేర్చుకోమన్నారు. ప్రతి లోపం మీదా కంపెనీకి మూడేసి పేజీల నివేదిక వెళ్లేది. ప్రజల అర్జీల మీద మూడు ముక్కలు రాసి ఎరుగని చేయి అది.

నాలుగో రోజు బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ వచ్చింది. భర్త పోయి రెండు నెలలు. మరణ ధ్రువపత్రం ఈ వారంలో ఇవ్వకపోతే పింఛను రాదట. పేరు కొట్టి చూస్తే, అతను నిక్షేపంగా బతికే ఉన్నాడని యంత్రం చూపించింది.

"మా ఆయన పోయారండీ. నేను పక్కనే ఉన్నాను" అందామె మెల్లగా.

"కాదనడం లేదమ్మా. సిస్టం ఇంకా ఒప్పుకోలేదు, అంతే. అసలు వెర్షన్ రానీ, అదే సర్దుకుంటుంది" అని ధైర్యం చెప్పి, ఆమె కళ్లు తుడుచుకుంటుండగా ఆయన ఆ లోపాన్నీ రాసుకున్నారు.

పక్క సీటు ముసలి గుమాస్తా ఇదంతా చూసి, పాత రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, ఐదు నిమిషాల్లో ధ్రువపత్రం చేత్తో రాసి సంతకానికి పెట్టాడు. మధ్యాహ్నానికల్లా అతనికి మెమో అందింది. ప్రయోగానికి ఆటంకం కలిగించాడట.

వారాంతానికి కంపెనీ నుంచి ప్రశంసాపత్రం దిగింది, అందరికంటే ఎక్కువ లోపాలు కనిపెట్టినందుకు. కమిషనర్ గారు స్వయంగా విచ్చేసి, "రేపటి యంత్రాన్ని ఇవాళే నడిపిన దార్శనికుడు" అని అరగంట ప్రసంగించారు. క్యూలో నిలబడ్డవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా, అందరికంటే ఎక్కువసేపు కొట్టింది ఆ కుట్టుపని ఆవిడే. తన కష్టాన్ని ప్రజలు గుర్తించారని సూపరింటెండెంటు గారి కళ్లు చెమర్చాయి.

ధ్రువపత్రం మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.